నల్లబాలు నోటి యాస

2019 సెప్టెంబరు 25న కన్నుమూసిన వేణుమాధవ్ కోదాడ బిడ్డ. మిమిక్రీ వేదికల మీదినుంచి 1996లో ‘సంప్రదాయం’తో సినిమాకు వెళ్లాడు. మిమిక్రీ అంటే గొంతు మార్చడమనుకుంటాం. ముందు అది ఎదుటి మనిషి మాటను శ్రద్ధగా వినడం. ఆ విద్య ‘సై’ (2004)లో నల్లబాలుగా కనిపిస్తుంది. పిడికెడు మనిషికి గుండెలదరగొట్టే రౌడీ ఠీవి. మాటను ఎక్కడ విరవాలో, ఎక్కడ మింగాలో అతనికి తెలుసు. సూర్యాపేట, మిర్యాలగూడ హాళ్లలో మనమూ విరగబడి నవ్వాం.

ఇవాళ చూస్తే ఆ నవ్వు సగంలో ఆగుతుంది. పేరులోనే ఒంటిరంగు మీద ఎగతాళి. నోట్లో తెలంగాణ యాస. నిజానికి కోదాడ మాట అది కాదు, అప్పటి కృష్ణాజిల్లా సరిహద్దు ఊరది. సినిమాకు ఆ తేడా అక్కర్లేదు. తెలంగాణ అంతటికీ ఒకే యాస కట్టబెట్టి, రౌడీకీ హాస్యగాడికీ పంచి, కథానాయకుణ్ణి మాత్రం దానికి దూరంగా ఉంచింది. 1977లో బ్రిటిష్ టెలివిజన్లో మొదలైన ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ కూడా పరదేశీయుల ఇంగ్లీషు ఉచ్చారణ మీదే బతికింది.

పాత్రను రాసింది నటుడు కాదు, నిజమే. అయినా ఆ మూసలో అతను హాయిగానే ఒదిగాడు. ‘తొలిప్రేమ’ (1998)లో స్నేహితుల గుంపులో ఒకడుగా నవ్వించినప్పుడు అతనికి ఆ రౌడీ యాస అవసరం పడలేదు.