బ్రౌనీలో మాంసకృత్తులెన్ని?

మైదా, వెన్న, పంచదార, కోకో, గ్రుడ్లు కలిపి ఓవెనులో కాల్చు కేకే బ్రౌనీ. మైదాకు బదులు వేరుసెనగపొడి, పంచదారకు బదులు బెల్లము వేసిన అది మాంసకృత్తులు మెండుగాగల ఆరోగ్యాహారమగునని నేటి వంటపాఠములు చెప్పుచున్నవి. లెక్క చూతము. 100 గ్రాముల మైదాలో మాంసకృత్తులు సుమారు 10 గ్రాములు, వేరుసెనగలో 25. లాభము 15 గ్రాములు. దానిని 16 ముక్కలకు పంచిన ముక్కకు ఒక గ్రామైన రాదు! పైగా వేరుసెనగలో దాదాపు సగము నూనెయే. అయినను వెన్న తగ్గించుమను పాఠములు అరుదు.

బెల్లము మాట మరియు తేలిక. దేవరాపల్లి నేడు అనకాపల్లి జిల్లాలోనిది. ఇచ్చటివారికి బెల్లముపై అభిమానము సహజమే. కాని అందు నూటికి 80 పాళ్ళకు పైగా చక్కెరలే. కొద్దిపాటి ఖనిజములకై అంత తీపి తినుట వింత.

మన సున్నుండకును ఇదే కొలత పెట్టవలెను. మినుములు, బెల్లము 100 గ్రాముల చొప్పున, నెయ్యి 50 గ్రాములు. 10 ఉండలు చేసిన ఒక్కొక్కదానిలో మాంసకృత్తులు సుమారు 2.4 గ్రాములు. ఇదియు గొప్ప అంకె కాదు. అయినను ఓవెను అక్కరలేదు. చిమ్మిలికని తెచ్చిన నువ్వులు గుప్పెడు వేయించి కలిపినచో, మినుములలో కొరతగానున్న మెథియొనీను కొంత సమకూరును.