నేలను బట్టి విత్తనం, బ్యారెల్‌ను బట్టి తూటా

మంచి విత్తనం ఏదని రైతును అడిగితే "ఏ నేలకి?" అని ఎదురు అడుగుతాడు. యాభై మీటర్ల రైఫిల్ షూటర్‌ని మంచి తూటా ఏదని అడిగినా అదే తీరు. "ఏ బ్యారెల్‌కి?" అంటాడు.

ఈ పోటీలో పేల్చేది పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా. దాని సీసపు గుండు బరువు సుమారు 2.6 గ్రాములు. టార్గెట్ మీద పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే మోకాలి మీద కూర్చుని, పడుకుని, నిలబడి ఆ గుండీనే గురిచూసి 451.4 పాయింట్లతో కాంస్యం గెలిచాడు.

ఎక్కువ వేగంగా పోయే తూటాయే మేలని కొత్తవాళ్లు అనుకుంటారు. కానీ ధ్వని కన్నా వేగంగా బయలుదేరిన గుండు, నెమ్మదిస్తూ ధ్వని వేగం దగ్గరికి వచ్చేసరికి గాలి కుదుపులకు తడబడుతుంది. అందుకే పోటీ తూటాలను ఆ హద్దుకు లోపలే, సెకనుకు 320–330 మీటర్ల వేగంతో వెళ్లేలా తయారు చేస్తారు.

వేగం ఎంతన్నదానికన్నా ప్రతిసారీ అంతే ఉండటం ముఖ్యం. ఈ తూటాలో మందును రగిలించే పదార్థం అడుగు అంచులో ఉంటుంది. అది చుట్టూ సమంగా పరుచుకోకపోయినా, మందు పాళ్లు కాస్త మారినా వేగం మారుతుంది. 325 మీటర్ల వేగం 315కి పడిపోతే, యాభై మీటర్ల దూరంలో గుండు మరో ఏడు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. నడిమధ్యకు పెట్టిన గురి పది వలయం అంచుకు జారిపోయినట్టే.

కాబట్టి పెట్టె మీద కంపెనీ పేరు చూశాక లాట్ నంబరు, అంటే ఒకే విడతలో తయారైన తూటాలకు వేసే సంఖ్య కూడా చూడాలి. ఒకే రకం, ఒకే ధర అయినా లాట్ మారితే ఫలితం మారవచ్చు. ఇంగ్లండ్‌లోని ఎలీ, జర్మనీలోని ఆర్‌డబ్ల్యూఎస్ వంటి తయారీదారుల దగ్గర ఇందుకోసం పరీక్షా కేంద్రాలున్నాయి. షూటర్ రైఫిల్ పట్టుకెళితే, దాన్ని కదలకుండా బిగించి ఒక్కో లాట్ నుంచి వరసగా తూటాలు పేలుస్తారు. రంధ్రాలు దగ్గరదగ్గరగా పడిన లాట్లను మళ్లీ పరీక్షిస్తారు. ఒక్క మంచి గ్రూపు, అంటే ఒక వరసలో పడిన రంధ్రాల గుంపు చూసి మురిసిపోరు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనూ ఇంతే. అందులో పేల్చే చిన్న గుండు, పెల్లెట్, తల 4.49 మిల్లీమీటర్లా, 4.50నా అన్నది కూడా బ్యారెల్‌తో సరిచూసుకుంటారు.

రోజువారీ సాధనకు అంత ఖర్చు అక్కర్లేదు. రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి, రెండు మూడు రకాలను పదేసి తూటాల గ్రూపులుగా పేల్చి చూస్తే చాలు. పోటీ తూటా బరువుకు, వేగానికి దగ్గరగా ఉన్న చవక రకాన్ని ఎంచుకోవచ్చు. రోజుకో రకం మార్చకూడదు. గుండు మీది మైనం పూత మారితే బ్యారెల్ కుదురుకోవడానికి కొన్ని తూటాలు పడతాయి, గురి కూడా మళ్లీ సరిచేసుకోవాలి. మన ఎండల్లో పెట్టెను కారులో వదిలేయకూడదు, వేడికీ వేగం మారుతుంది. లాట్ నంబరు, తేదీ, గ్రూపు కొలత పుస్తకంలో రాసుకుంటే మళ్లీ కొనేటప్పుడు అదే దారి చూపుతుంది.

ఇంత శ్రమా పాయింట్ల కోసమే కాదు. తూటా మీద అనుమానం ఉన్నంతకాలం తొమ్మిది పడ్డప్పుడల్లా తప్పు దాని మీదికి నెట్టేయవచ్చు. ఆడలేక మద్దెల ఓడు అనే సాకు అది. మద్దెల బాగానే ఉందని తేలాక, ఊపిరి బిగపట్టిన తీరూ ట్రిగ్గర్ నొక్కిన వేలూ తప్ప వెతకడానికి ఇంకేమీ మిగలదు. సాధన అక్కడే మొదలవుతుంది.