గోస్తనీ ఎగువన కల్లు, దిగువన కాక్‌టెయిల్

శృంగవరపుకోట (ఎస్.కోట) మీదుగా అరకు ఘాట్ ఎక్కేవాళ్లకు గోస్తనీ నది పరిచయమే. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా జారి, ఎస్.కోటకు చేరువలోని తాటిపూడి జలాశయంలో నిలుస్తుంది. అక్కడి నీరు విశాఖకు తాగునీరవుతుంది. మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ నీటి దారిలో జనం సాయంత్రాలు గడిపే తావులు రెండు రకాలు. ఎగువన శృంగవరపుకోట చుట్టుపక్కల తాటితోపుల్లో కల్లు పాక. దిగువన విశాఖ బీచ్ రోడ్డు వైపు, సముద్రానికి ఎదురుగా వెలిగే కాక్‌టెయిల్ బార్, పబ్. ఒకటి మోటు, మరొకటి నాగరికం అని తేల్చేయడం మనకు అలవాటైపోయింది. పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తీర్పు నిలవదు. తానున్న నేల రుచిని గొంతులోకి దించడం పాకకు తెలుసు. వచ్చినవాళ్లు ఎవరైనా వాళ్లకు చోటివ్వడం బార్‌కు తెలుసు. ఒకదాని విద్య రెండోదానికి రాదు.

ముందు నీటి సంగతి. బీచ్ రోడ్డులోని ది పార్క్ హోటల్ 1968లో వచ్చింది. తాటిపూడి ఆనకట్ట పని పూర్తయినదీ ఆ ఏడాదే. అప్పటినుంచి విశాఖలో సముద్రం చూస్తూ కూర్చోవడానికి ఒక ధర ఏర్పడుతూ వచ్చింది. ఇవాళ్టి పబ్‌లో ఆ ధర గ్లాసు ఖరీదులోనే కలిసి ఉంటుంది. ఏసీ కోసం అద్దాలు మూస్తారు, పాట హోరు పెంచుతారు. కెరటం కనిపిస్తుంది గానీ వినిపించదు. కల్లు తోపులో నీళ్లను ఎవరూ చూపించరు. చెరువు గట్టునో పొలం గట్టునో నిలబడ్డ తాటిచెట్టు ఆ నేలలోని తేమను తాగి, గెల చెక్కినచోట చుక్కచుక్కగా ముంతలోకి వదులుతుంది. అక్కడ తాగేది ఆ చోటునే.

పానీయానికి వస్తే, బార్‌లో కాలం ఆగిపోయి ఉంటుంది. సీసాలోని విస్కీ, రమ్ము 42.8 శాతం ఆల్కహాల్‌తో మార్చిలోనూ అంతే, నవంబరులోనూ అంతే. 30 మిల్లీలీటర్లు, 60 మిల్లీలీటర్లు అని కొలత ఉంటుంది. ఆ నిలకడ బార్‌కు బలం: ఎంత తాగామో మనకు తెలుస్తుంది. కల్లుకు నిలకడ లేదు. చలికాలం ఈతది, ఎండలు ముదిరితే తాటిది, కొండ మీదికెళ్తే జీలుగుది. పొద్దున దించినది తీపి, మధ్యాహ్నానికి పులుపు, సాయంత్రానికి ఘాటు. గాలిలోని ఈస్టే పులియబెడుతుంది, మనిషి చేయి పడక్కర్లేదు. ముంత లోపల సున్నం పూస్తే పులుపు ఆగి నీరా అవుతుంది. చెట్టునూ రుతువునూ పొద్దునూ నాలుక మీదే గుర్తుపట్టించే పానీయం ఏ బార్ మెనూలోనూ నాకు కనిపించలేదు.

చేసే మనిషిలోనూ తేడా ఉంది. బార్‌టెండర్ దీపాల కింద, అందరూ చూస్తుండగా షేకర్ ఆడిస్తాడు. ఆ చేతివాటం నిజమైన విద్యే, దానికి దక్కే గౌరవమూ న్యాయమే. కానీ మోకు కట్టుకుని రోజుకు రెండుసార్లు తాటిచెట్టెక్కి, గెల ఎండిపోకుండా పలచగా చెక్కే గీత కార్మికుడి విద్య దానికి ఏం తక్కువ? ఉత్తరాంధ్రలో యాత, శెగిడి కులాలవాళ్లు తరతరాలుగా ఈ పని చేస్తున్నారు. పట్టు తప్పితే ప్రాణం పోతుంది. కల్లు తాగేవాళ్లలో చాలామంది ఆ చేతిని తలచుకోరు.

కాక్‌టెయిల్‌కు స్థానికత పడదనేవాళ్లు డైకిరీ పుట్టుక గుర్తు చేసుకోవాలి. క్యూబాలో సముద్రపు ఒడ్డున డైకిరీ అనే ఊరుంది, దగ్గర్లో ఇనుప గనులుండేవి. 19వ శతాబ్దం చివర అక్కడి గనుల్లో పనిచేసిన ఒక అమెరికన్ ఇంజనీరు చేతిలో ఆ పానీయం పుట్టిందంటారు. చెరకు రమ్ము, నిమ్మ, పంచదార: అన్నీ ఆ దీవిలో దొరికేవే. ఎస్.కోట మీదుగా కూడా కిరండూల్ రైలు మార్గంలో బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు పోతుంది. మనకూ అనకాపల్లి బెల్లం, మన్యం మిరియాలు, పనస, నిమ్మ ఉన్నాయి. డైకిరీని వడ్డించే మన పబ్, డైకిరీ చేసిన పని మాత్రం చేయలేదు. చేతికందిన సరుకుతో కొత్త రుచి కట్టడమే ఆ పని.

ఇక పాక ఓడిపోయే చోటు. బార్‌లో ఆడవాళ్లు బల్లకు కూర్చుని, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా కబుర్లాడుకోగలరు. మరుగుదొడ్డి ఉంటుంది, బిల్లు ఉంటుంది, తూలేవాణ్ణి ఆపే మనిషి ఉంటాడు. పాకలో ఇవేవీ ఉండవు. పైగా కల్తీ భయం. ఈ రాష్ట్రంలో తాగుడు గురించి రాసే ఎవరైనా దూబగుంట ఆడవాళ్లను తలచుకోవాలి. 1992లో నెల్లూరు జిల్లాలో వాళ్లు లేపిన ఉద్యమమే 1993లో సారా నిషేధం తెచ్చింది. కూలి డబ్బు ఇంటికి చేరకపోవడమే వాళ్ల కోపానికి మూలం. పాక ఎంత అందమైనదైనా ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిందే. ఆరు పెగ్గులకు బిల్లు వేసే బార్ కూడా చెప్పాల్సిందే.

రెండు విద్యలూ ఒకచోట కలవొచ్చని 2023లో హైదరాబాద్ కొంత చూపించింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున, నెక్లెస్ రోడ్డులో తెలంగాణ ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. తాటి నీరాకు అద్దాలూ కుర్చీలూ కుటుంబాల మధ్య చోటూ దొరికాయి. కేరళ కుట్టనాడులో కాలువ ఒడ్డు కల్లు షాపులకు చేపల కూర కోసమే ఇంటిల్లిపాదీ వెళ్తారు.

తాటిపూడికి ఇప్పటికే పర్యాటకులు వస్తుంటారు. రేపు అక్కడ బార్ కూడా రావాలని ఎవరైనా అడగొచ్చు. వస్తే బీచ్ రోడ్డుకు నకలుగా రాకూడదు. లక్షలమంది తాగే నీటికి దూరంగా, మురుగు చుక్క జలాశయంలో పడని చోట ఉండాలి. తాగనివాళ్లకు నీరా, తాగేవాళ్లకు ఆ పూట దించిన కల్లు, కొలతతో, శుభ్రంగా ఇవ్వాలి. చెట్టెక్కినవాడికి ప్రతి ముంతలోనూ వాటా ఉండాలి. ఆడవాళ్లు నిశ్చింతగా కూర్చోగలగాలి. ఈ షరతులన్నీ తీరితేనే నేను దాన్ని మెచ్చుకుంటాను. అందాకా, రుచి విషయంలో తోపుకే నా ఓటు, మర్యాద విషయంలో పబ్‌కే నా ఓటు.