లాగోన్ ఎక్కడ?

అబ్రామ్ పెట్రోవిచ్ గనిబాల్ 1742లో రష్యా మహారాణి ఎలిజబెత్‌కు ఒక అర్జీ పెట్టుకున్నాడు. తనను ప్రభువర్గంలో చేర్చి వంశముద్ర ఇప్పించమన్నది అందులోని కోరిక. తాను ఆఫ్రికావాడినని, లాగోన్ అనే పట్నంలో పుట్టానని, తండ్రి చేతికింద మరో రెండు పట్నాలు ఉండేవని అందులో చెప్పుకున్నాడు. జ్యామితి, కోటల నిర్మాణాల మీద రెండు సంపుటాలు రాసిన ఇంజనీరు, తన పుట్టుక గురించి రాసింది ఈ కాస్తే. రష్యాకు తన ఇష్టంతోనే వచ్చానని కూడా ఆ అర్జీలో ఉంది. ఇస్తాంబుల్ నుంచి 1704లో దౌత్యోద్యోగి రగూజిన్‌స్కీ ద్వారా తరలించిన ఏడెనిమిదేళ్ల పిల్లవాడికి ఇష్టమేమిటి? హోదా కోరేవాడు బానిసగా వచ్చానని రాసుకోడు. అర్జీని అర్జీగానే చదవాలి.

1705లో విల్నియస్‌లో ఆ పిల్లవాడికి బాప్తిస్మం జరిగింది. జ్ఞానపిత పీటర్ చక్రవర్తే. పెట్రోవిచ్ అన్నది అలా వచ్చిందే. ఇక్కడి నుంచి దారి తేటగానే ఉంది: ఫ్రాన్సులో చదువు, సైన్యంలో జనరల్ హోదా, 1781లో మరణం. చిక్కంతా వెనక్కి వెళ్లడంలోనే.

ఆయన పోయాక అల్లుడు రోట్‌కిర్ఖ్ జర్మన్‌లో రాసిన జీవితకథ అబిసీనియా పేరెత్తింది. తమ్ముణ్ని తీసుకుపోతుంటే అక్క లగాన్ ఓడ వెంట ఈదుకుంటూ వచ్చిందని అందులో ఒక ఘట్టం. అక్క పేరూ ఊరి పేరూ ఒకే మాటలా వినిపించడం అనుమానించదగ్గదే. గనిబాల్ మునిమనవడు, కవి పుష్కిన్ ఈ కథ ఎరిగినవాడే.

1899లో మానవశాస్త్రవేత్త అనూచిన్ లాగోన్‌ను నేటి ఎరిట్రియాలో చూపించాడు. కవి పూర్వీకుడు నీగ్రో కాకూడదన్న ఆనాటి జాతి దురభిమానం ఆ వాదంలో స్పష్టంగా కనిపిస్తుంది. పైగా అది సముద్రానికి దూరంగా ఉన్న పీఠభూమి. అక్క ఈదడానికి అక్కడ ఓడేదీ?

బెనిన్‌కు చెందిన పరిశోధకుడు న్యామన్‌కూ 1990ల్లో చాద్ సరస్సుకు దక్షిణంగా, నేటి కామెరూన్‌లోని లోగోన్-బిర్నీని ముందుకు తెచ్చాడు. అది లోగోన్ నది ఒడ్డున కోటోకో జనం సుల్తానుల పట్నం. పేరు కలిసింది, నీళ్లూ ఉన్నాయి.

గనిబాల్ వంశముద్ర మీద ఏనుగు బొమ్మ, దానితోపాటు 'ఫుమ్మో' అన్న అక్షరాలు ఉంటాయి. లాటిన్ వాక్యంలోని తొలి అక్షరాలని కొందరు, కోటోకో మాటేనని మరికొందరు అంటారు.