ఫ్యాక్స్ బూత్ పనితనం

ఫ్యాక్స్ మన జిల్లాల్లో నిలదొక్కుకున్నది వేగం వల్లేనంటే ఒప్పుకోలేం. టెలిగ్రామ్, టెలెక్స్ అంతకుముందే వేగంగా వెళ్లేవి. కాకపోతే తెలుగు మాటను మరో లిపిలోకి మార్చుకోవాల్సి వచ్చేది. ఫ్యాక్స్‌కు లిపితో పనిలేదు. కాగితాన్ని సన్నటి వరసలుగా చదువుతుంది, వరసకు 1728 చుక్కలు. తెల్లని జాగాను చుక్కచుక్కగా కాక ‘ఇంత తెలుపు’ అని లెక్కగట్టి, ఆ లెక్కను కూతలుగా ఫోను తీగ మీద పంపుతుంది. 1980లో కుదిరిన గ్రూప్ 3 ప్రమాణంతో ఏ కంపెనీ యంత్రమైనా మరోదానితో మాట్లాడగలిగింది. పేజీ నిమిషం అటూఇటూగా చేరేది. కంజీ అక్షరాలు రాసే జపాన్ దీన్ని అంతగా హత్తుకోవడానికీ లిపే పెద్ద కారణం.

యంత్రం సరే, ఫ్యాక్స్ పంపిపెట్టే ఎస్టీడీ బూత్ మనిషి సంగతో? కె.గంగవరం లాంటి కోనసీమ జిల్లా ఊళ్ల చేతిరాత కాగితం పట్నం చేరాలంటే పెన్సిల్ రాతను నల్ల పెన్నుతో దిద్దించాలి, మడత సాపు చేయాలి, వంకరపోకుండా పెట్టాలి, అవతలి కూత విన్నాకే స్టార్ట్ నొక్కాలి అన్నట్టుండేది అప్పట్లో. థర్మల్ కాగితం మీద అక్షరం వెలిసిపోతుందంటారు. నిజమే, తెలిసినవాళ్లు వెంటనే జిరాక్స్ తీయించేవారు. వాట్సాప్ ముందు ఇదెంత అంటారా? అంచులు తెగిన, మసకబారిన ఫొటోలు అందుకునే ఆఫీసు గుమాస్తాను అడగండి, ఆ బూత్ మనిషి విలువ చెబుతాడు.