చేనుకి వెళ్లే మనిషి

సెల్‌ఫోనూ కంప్యూటరూ పేద దేశాల బతుకుల్ని ఎంత మార్చాయన్న పరిశోధన ఈ ఇరవయ్యేళ్లలో ఏపుగా పెరిగింది. 2006లో బర్క్‌లీలో ఈ విషయం మీదే ఒక అంతర్జాతీయ సదస్సు మొదలైతే, మరుసటి ఏడే బెంగళూరు వచ్చింది. సెల్‌ఫోన్లు వచ్చాక కేరళ రేవుల్లో చేపల ధరలు ఎలా సర్దుకున్నాయో లెక్కగట్టిన రాబర్ట్ జెన్సన్ వ్యాసం 2007 నాటిది.

సర్వే కాగితాలు పట్టుకుని ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లు తిరిగే నాకు మాత్రం మన పత్తి చేలలో జరిగిన పనే ఎక్కువ ఇష్టం. 2004 ఖరీఫ్‌లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు వరంగల్ జిల్లా ఆత్మకూరు మండలంలో మూడు ఊళ్లలో 1,051 పత్తి చేలతో 'ఈ-సాగు' నడిపారు. చదువూ సేద్యమూ రెండూ తెలిసిన ఊరి రైతునే సమన్వయకర్తగా పెట్టుకున్నారు. అతను చేనుచేనుకీ తిరిగి ఫొటోలు తీసేవాడు. అవి సీడీలకెక్కి కొరియర్‌లో హైదరాబాద్ వెళ్లేవి. నిపుణులు చూసి రాసిన సలహా నెట్‌లో ఊరికి వచ్చేది. రైతు నోరు తెరిచి అడగక్కర్లేదు. అందులోని గొప్పంతా అక్కడే ఉంది. అడిగే తీరికా చొరవా ఉన్నవాడికే సలహా అందితే కౌలు రైతుకు ఎప్పటికి అందేను?

2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో ఎస్సెమ్మెస్‌లు పంపాయి. దిగుబడి 30 శాతం పెరిగిందన్నారు. సంతోషమే. విత్తమన్న రోజున విత్తనాలు ఎవరి ఇంట్లో ఉన్నాయి, దుక్కికి బాడుగ ఎవరు ఇచ్చుకోగలిగారు అన్నవి కూడా ఆ అంకె పక్కన ఉండాలని నా పట్టుదల.

ఎస్సెమ్మెస్‌కీ ఫొటోకీ అందని సంగతులూ ఉంటాయి. 2021-22లో నల్ల తామర పురుగు మన మిరప తోటల్ని ఊడ్చేసింది. అది పూతలో దాగుతుంది. పువ్వుని తెల్ల కాగితం మీద తడితే సన్నటి నల్ల నలుసులు రాలి పాకుతాయి. దూరం నుంచి ఆకు ఫొటో తీసి పంపితే అవి కనపడవు. వంగి తట్టే మనిషి ఉండాలి. అతనికి జీతం ఎవరిస్తున్నారు, ప్రాజెక్టు డబ్బు ఆగాక కూడా చేనుకి వెళ్తున్నాడా అని అడిగే అధ్యయనాలు ఇంకా రావాలి.

అందుకే మా సర్వే కుర్రాళ్లు తెచ్చే ప్రశ్నావళిలో 'సలహా ఉపయోగపడిందా' అన్నదానికంటే ముందు 'ఈ వారం మీ చేనుకి ఎవరైనా వచ్చారా' అని రాయిస్తున్నాను. కౌలు రైతుని విడిగా అడగమంటున్నాను. కాయలు కోసే ఆడవాళ్లనీ అడగాలి. పొద్దస్తమానం మొక్కల మధ్య ఉండేది వాళ్లే.