పులికాట్ ఒడ్డున చలికాలపు పెరడు

ఆదిలాబాద్ వైపు యాసంగి నారు పోసిన రైతు డిసెంబరు రాత్రుల్లో యూరియా సంచులు కలిపి కుట్టిన పట్టాను మడిమీద కప్పుతాడు. తెల్లారగానే తీసేసి, మడిలోని చల్లనీళ్లు వదిలి కొత్తనీళ్లు పెడతాడు. పది డిగ్రీల కిందికి దిగే చలిలో అది చేయవలసిన పనే. అదే పట్టా తెచ్చి తడలోనో సూళ్లూరుపేటలోనో వంగనారు మీద కప్పితే నాలుగు రోజుల్లో మొదళ్లు కుళ్లి నారంతా వాలిపోతుంది. పులికాట్ చుట్టూ చలికాలమంటే చలి తక్కువ, తడి ఎక్కువ. ఇటు సరస్సు, దానికవతల శ్రీహరికోట, ఆపైన బంగాళాఖాతం. ఇంత నీరు పగటి వేడిని దాచుకుని రాత్రి వదులుతుంటే, సంక్రాంతి ముందు రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు అటూఇటూగానే ఉంటుంది. పెరటిని కాపాడుకోవలసింది నిలిచిన వాన నుంచి, ఉప్పుగాలి నుంచి, పొద్దెక్కినా ఆరని మంచు నుంచి.

ముందొచ్చేది వాన. రాష్ట్రంలో చాలాచోట్ల వానలు వెనకబట్టే స్వాతి, విశాఖ కార్తెల్లో ఇక్కడ అసలు వానాకాలం మొదలవుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను, అంతకుముందే ఈ తీరం పక్కగా నడిచి తిరుపతి జిల్లా తూర్పు మండలాలను ముంచెత్తింది. అలాంటి వానలో మొక్కను చంపేది చల్లదనం కాదు. నీళ్లు నిలిచి మట్టిలో గాలి ఆడక, వేరు ఊపిరాడక చస్తుంది. అందుకే ఆశ్వయుజం దాటకముందే మట్టి ఎగదోసి మడులు జానెడెత్తు చేసుకోవాలి, మడికీ మడికీ మధ్య కాలువ తీసి పల్లానికి తోవ చూపాలి. టమోటా, మిరప మెరకలోనే ఉండాలి. పల్లం వృథా పోదు, అక్కడ చేమ, పొన్నగంటి హాయిగా పెరుగుతాయి. నారుమడికి మాత్రం వాన దెబ్బ తగలకుండా తాటాకు పందిరి ఏటవాలుగా వేసి, నాలుగు పక్కలా గాలికి వదిలేయాలి. వాన వెలవగానే ఆ తాటాకూ తీసేయాలి. తీయడానికి బద్ధకించేవాళ్లు అసలు కప్పకపోవడమే మేలు.

ఆ వానను తిట్టుకోవడానికీ లేదు. ఏడాది పొడవునా తాగే తీపినీళ్లు అదే ఇస్తుంది. తీరపు ఇసుక నేలల్లో ఇంకిన వాననీరు, కిందున్న ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి దానిమీద తేలుతూ ఒక పొరగా నిలుస్తుంది. లెక్కప్రకారం సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే, కింద దాదాపు 40 అడుగుల దాకా మంచినీరే ఉండాలి. పైన అడుగు తరిగితే కింద ఉప్పు 40 అడుగులు పైకి వస్తుందన్నమాట. నెల్లూరు నుంచి బాపట్ల దాకా ఇసుక నేలల రైతులు తవ్వుకునే దొరువు ఈ లెక్క మీదే బతుకుతోంది. లోతైన బావి కాదది, వెడల్పాటి గుంట. చుట్టూ ఏటవాలు గట్లు, అడుగున ఊటనీరు. కుండతోనో బిందెతోనో దిగి ముంచుకుని మొక్క మొక్కకూ పోస్తారు. చేత్తో తోడితే ఎంత ఊరుతుందో అంతే వాడతాం. బోరు దించి మోటారు పెట్టామా, పైనున్న తీపినీటితోపాటు కిందున్న ఉప్పునీరూ ఎగబాకుతుంది. బాపట్లలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ఉప్పునీటి పరిశోధన కేంద్రం దీన్నే మెరుగుపరిచింది. ఇసుకలో అడ్డంగా చిల్లుల పైపులు పాతి, తేలే నీటిని ఒక బావిలోకి చేరుస్తారు. ఎంత మెరుగుపరిచినా మూలసూత్రం పాతదే: లోతుకు పోవద్దు, అడ్డంగా పోవాలి. ఇంటి పెరటికైతే పాత గుంటే చాలు.

ఉప్పుగాలికి విరుగుడు దడి. సిమెంటు గోడ కన్నా తాటాకుల దడే నయం. గోడకు కొట్టుకున్న గాలి పైకెగిరి అవతల సుడి తిరిగి మొక్కల మీదే పడుతుంది. దడిలో గాలి సగం దూరి, జోరు తగ్గి, నెమ్మదిగా పోతుంది. దడి ఎత్తుకు పదింతల దూరం దాకా దాని చాటు పనిచేస్తుంది. దడి వెనక సర్వి చెట్ల వరస ఉంటే ఇంకా మంచిది. వాన లేని ఈదురుగాలి తర్వాత ఆకుల అంచులు మాడినట్టు కనిపిస్తే దొరువు నీళ్లతో ఆకులు కడిగేయాలి. వాన పడితే ఆ పని అదే చేస్తుంది.

ధనుర్మాసం వచ్చేసరికి వానలు వెనకబడతాయి, మంచు మొదలవుతుంది. మబ్బులేని రాత్రి నేల వేడి పైకి పోతుంది, సరస్సు మీది తేమగాలి చల్లటి ఆకు తగిలి నీరవుతుంది. తొమ్మిదింటిదాకా ఆ తడి ఆరకపోతే బీర, కాకర ఆకుల కింద బూజు తెగులు కూర్చుంటుంది. అందుకే చలికాలంలో సాయంత్రం నీళ్లు పెట్టకూడదంటారు. పొద్దున్నే మొదట్లో పోయాలి, ఆకు తడవకూడదు. పాదుల్లో ముదురాకులు తుంచి గాలి ఆడనివ్వాలి.

చిక్కుడు సంగతి వేరు. పగళ్లు పొట్టివైతేనే దానికి పూత వస్తుంది కాబట్టి ఈ కాలం దానిదే. శ్రావణంలో పెట్టిన గింజ ఇప్పటికి పందిరంతా అల్లుకుని ఉంటుంది. దాని శత్రువు పేనుబంక: లేతకొనల మీద నల్లగా గుంపు కట్టి, జిగురు విడుస్తుంది. ఆ జిగురు కోసం చీమలు బారులు తీరుతాయి. తెల్లారుజామున ఆకుమీద మంచు ఉండగానే జల్లెడ పట్టిన కట్టెబూడిద పలచగా చల్లుతారు. తడికి బూడిద అంటుకుని, పురుగు కదలలేక రాలుతుంది. ఇదొక్కచోటే మంచు మనకు పని చేసిపెడుతుంది. అయితే బూడిదను మడిలో కుమ్మరించడం ఇక్కడ తప్పు. అదీ ఒకరకం ఉప్పే, ఇప్పటికే చౌడు ఉన్న నేలకు ఇంకాస్త చేర్చినట్టవుతుంది. రాయలసీమ వైపు ఎర్రనేలల వాళ్ల సలహాలు ఇక్కడ అన్నీ చెల్లవు.

వాళ్లది వేరే వైభోగం. చిత్తూరు వాళ్లు పుష్యమాసపు మంచుపడ్డ అనపకాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, పైతొక్క పితికి పితికిపప్పు వండుతారు. మంచుకాలంలో ఆ కాయమీద జిడ్డు తేలి, గదంతా వాసన నిండుతుంది. పులికాట్ పక్కన అనపకు అంత ఘుమఘుమ ఉండదని చిత్తూరు బంధువులు వాదిస్తే ఒప్పేసుకోవడమే మంచిది.

రథసప్తమి నాటికి చిక్కుడు ఇంకా కాస్తూ ఉండాలి. సూర్యుడి రథం దాని కాయలతోనే కట్టాలి, పాయసం దాని ఆకుల్లోనే పెట్టాలి. ఆ పండగకన్నా ముందే, పందిరి నడిమధ్యన నిగనిగలాడే నాలుగు గుత్తులకు గుడ్డపీలిక కట్టి, కోయవద్దని ఇంట్లోవాళ్లకు చెప్పాలి. అవి తీగమీదే ఎండి గలగలమనాలి. తర్వాత ఒలిచి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి కుండలో పెట్టి మూతికి గుడ్డ కట్టాలి. తీగ తీసేసిన పందిరి కిందే, మాఘం వెచ్చబడ్డాక సొరగింజలు పెట్టుకోవచ్చు. పుష్యంలో తొందరపడి పెడితే మొలకకు చాలా రోజులు పడుతుంది, ఈలోగా గింజ కుళ్లనూ కుళ్లొచ్చు.